ఆ పద్దెనిమిది వేల వైరు కొనాలా?

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో ఉంటాను. హైస్కూల్లో లెక్కలు చెప్పి రెండేళ్ళ కిందట రిటైరయ్యాను. ఈమని శంకరశాస్త్రిగారి వీణ, ఘంటసాలగారి పద్యాలు తీరిగ్గా వినాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. సంక్రాంతికి 42 వేలు పెట్టి ఆంప్లిఫయరు, రెండు స్పీకరు బాక్సులు కొన్నాను. మా ముందుగది పదడుగులకు పదడుగులు, శ్లాబు ఎత్తు కూడా పదడుగులే, కింద టైల్స్. టీవీకి రెండు పక్కలా గోడలో ఉన్న గూళ్ళలో బాక్సులు పెట్టాను. ఎదుటి గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని వింటాను. మృదంగం బొయ్యిమంటోంది, గొంతులో మాట స్పష్టంగా లేదు. అమ్మిన షాపతను ఇంటికొచ్చి విని, లోపమంతా వైరుదే అన్నాడు. 'సింగిల్ క్రిస్టల్, ఆక్సిజన్ ఫ్రీ' స్పీకరు వైరు 18 వేలు, పవర్ కార్డు 9 వేలు. 200 గంటలు వాయించాకే అసలు గుణం తెలుస్తుందట. వైరు డెమోకి ఇచ్చి వెళ్ళాడు, ఇంకో పది రోజులు నా దగ్గరే ఉంటుంది. నాకేమీ తేడా తెలియలేదంటే, 'సార్, మీ చెవి ఇంకా పండలేదు' అన్నాడు. ఆ మాట బాధగా ఉంది. మా అల్లుడు ఇదంతా మోసం అంటున్నాడు. నేను అప్పటికే 2 వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. ఏం చేయమంటారు? ఇంకొకటి, సెట్‌టాప్ బాక్సు తగిలిస్తే స్పీకర్లలో జుమ్మని మోత వస్తోంది.

సమాధానం: మాస్టారూ, ఆ వైరు కొనకండి. పవర్ కార్డు కూడా వద్దు. మీ గదిలో వినబడుతున్న లోపం మాత్రం నిజమైనదే. మీ చెవి దాన్ని సరిగ్గానే పట్టింది. మృదంగం బొయ్యిమనడం, మాట అలికినట్టు వినబడటం అని మీరు రాసిన రెండు ముక్కల్లోనే రోగం తెలిసిపోతోంది. అంత సరిగ్గా విన్న మనిషిని పట్టుకుని చెవి పండలేదనడం నాకు చాలా కోపం తెప్పించింది.

నేను బరంపురంలో ముప్ఫై ఏళ్ళకు పైగా రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఆంప్లిఫయర్లు రిపేరు చేసినవాణ్ణి. ఈ మాట నాకు కొత్త కాదు. తేడా వినబడిందని మీరంటే వైరు గొప్పది, వినబడలేదంటే మీ చెవి మంచిది కాదు. రెండు వైపులా గెలుపు వాళ్ళదే. ఏ జవాబు వచ్చినా తప్పని తేలని మాటను లెక్కల క్లాసులో మీరు ఒప్పుకునేవారా?

మీరు లెక్కల మాస్టారు కాబట్టి వైరు సంగతి లెక్కతోనే చూద్దాం. రాగి వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే మీటరుకు సుమారు 0.0074 ఓములు నిరోధం. ఆంప్లి నుంచి బాక్సుకి మూడు మీటర్లు అనుకుంటే, వెళ్ళడానికీ రావడానికీ కలిపి ఆరు మీటర్లు, అంటే సుమారు 0.044 ఓములు. మీ స్పీకరు 8 ఓములది అనుకోండి. వైరులో పోయేది నూటికి అర వంతు కంటే కాస్త ఎక్కువ. శబ్దం హెచ్చుతగ్గులు కొలిచే డెసిబెల్‌లో చెప్పాలంటే ఒక డెసిబెల్‌లో ఇరవయ్యో వంతు. శబ్దం హెచ్చుతగ్గుల్లో మామూలుగా మనకు తెలిసే తేడా ఒక డెసిబెల్ దరిదాపుల్లో ఉంటుంది. చెవి రిక్కించి వింటే ఇంకొంత తక్కువ కూడా తెలుస్తుంది, అంతే.

ఆక్సిజన్ ఫ్రీ అన్న మాట అబద్ధం కాదు. అలాంటి రాగి నిజంగానే ఉంది. అయితే ఎలక్ట్రికల్ షాపులో దొరికే మంచి వైరులోని మామూలు రాగి కూడా 99.9 శాతం స్వచ్ఛమైనదే. కరెంటు మోయడంలో ఆ రెండిటికీ ఒక శాతం తేడా కూడా ఉండదు. ఆ మాత్రం కావాలంటే వైరు కాస్త లావుది వేసుకుంటే సరిపోతుంది. ఇలాంటి వైర్ల కరపత్రాల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పచ్చి అబద్ధమైతే ఎవరైనా పట్టేస్తారు. వీళ్ళు నిజమే చెబుతారు, ఎంత అన్న కొలత మాత్రం చెప్పరు. 'స్కిన్ ఎఫెక్ట్', అంటే స్వరం హెచ్చేకొద్దీ కరెంటు తీగ పై పొరలోకే చేరడం, ఉంది, నిజమే. ఎంత? 20 వేల హెర్ట్జ్, అంటే సెకనుకు 20 వేల కంపనల దగ్గర కూడా కరెంటు రాగిలోకి దాదాపు అర మిల్లీమీటరు లోతు దిగుతుంది. మన ఇంటి వైరుకు అది లెక్కలోకి రాదు. 'డైరెక్షన్' అంటూ స్పీకరు వైరు మీద బాణం గుర్తు వేస్తారు. స్పీకరుకి వెళ్ళే సిగ్నల్ వెయ్యి హెర్ట్జ్ స్వరానికి సెకనుకు వెయ్యిసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఇక బాణం ఎటు చూపితే ఏం? పైన అల్లిన జాలీని, అంటే షీల్డును, ఒక కొసనే కలిపిన కొన్ని సిగ్నల్ కేబుళ్ళకు మాత్రం బాణానికి ఒక అర్థం ఉంది. స్పీకరు వైరుకు లేదు.

వైరు అసలు పట్టించుకోవద్దని నేను చెప్పను. ఫంక్షన్ హాల్లో ఇరవై ముప్ఫై మీటర్ల దూరానికి సన్నటి బెల్ వైరు లాగితే శబ్దం నిజంగానే పడిపోతుంది. మీ ముందుగదికి మీటర్ల లెక్కన దొరికే 2.5 రాగి వైరు చాలు. రెండు బాక్సులకూ కలిపి వెయ్యి, పదిహేను వందల్లో అయిపోతుంది. కొసలు శుభ్రంగా గీకి, నట్లు గట్టిగా బిగించండి. రిపేరుకి వచ్చిన సిస్టంలలో వైరు వల్ల వచ్చిన గొడవలు నేను చూసినవన్నీ వదులైన కొస, తుప్పు పట్టిన కొస, ప్లస్ మైనస్ తారుమారైన కొస. ఈ ఆఖరిది మీరూ ఒకసారి చూసుకోండి. ఒక బాక్సుకి ప్లస్ మైనస్ తిరగబడితే బేస్ చచ్చిపోతుంది, గొంతు మధ్యలో నిలబడదు.

పవర్ కార్డు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కరెంటు ఎక్కడో పుట్టి, కొండలూ పొలాలూ దాటి, అల్యూమినియం తీగల మీద మీ వీధి ట్రాన్స్‌ఫార్మరు దాకా వచ్చి, అక్కడి నుంచి మీ గోడలోని వైరు గుండా ప్లగ్గుకి చేరింది. చివరి మీటరున్నర దాన్ని బాగుచేయలేదు. పైగా ఆంప్లి లోపల ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, కెపాసిటర్లు ఉన్నవే దాన్ని డీసీగా మార్చి నునుపు చేయడానికి. మన వైపు ఓల్టేజీ ఆడే మాట నిజమే. దానికి మంచి స్టెబిలైజరు, సరైన ఎర్తింగ్ కావాలి గానీ తొమ్మిది వేల తాడు కాదు.

200 గంటల మాట మాత్రం కాస్త ఆగి చూడాలి. కొత్త స్పీకరు కోను చుట్టూ ఉండే రబ్బరు మొదట్లో కొద్దిగా సడలుతుంది, అది నిజం. రాగి తీగకు సడలేది ఏదీ లేదు. మీరు రోజుకు రెండు గంటలు వింటారనుకుంటే 200 గంటలంటే వంద రోజులు. ఈలోగా మారేది వినే మనిషి. రోజూ అదే మోత వింటే దానికి అలవాటు పడిపోతాం. వైరు వాపసు ఇచ్చే గడువు కూడా దాటిపోతుంది.

ఇది నాకు తెలిసినట్టు చెబుతున్నానంటే కారణం ఉంది. ఇంచుమించు పదిహేనేళ్ళ కిందట నేనూ అలాంటి వైరు ఒకటి 11 వేలు పెట్టి తెప్పించాను. షాపులో తగిలించి విన్నాను. వీణ మీద మీటు పడినప్పటి చప్పుడు విడిగా వినబడిందని అనిపించింది. నిజంగా అనిపించింది, ఎవరినీ మోసం చేయాలని కాదు. ఆ నమ్మకంతోనే రైల్వేలో పనిచేసే ఒక కస్టమరు చేత కూడా కొనిపించాను. ఆయన అప్పు చేసి కొన్నారని తర్వాత తెలిసింది. మరికొన్నాళ్ళకు నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు, "మావా, కళ్ళు మూసుకుని చెప్పగలవా?" అని అడిగాడు. షాపు మధ్యలో తాడు కట్టి దుప్పటి వేశాం. వాడు వెనక నుంచి రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే కొత్త వైరు, బొరుసు పడితే మామూలు వైరు తగిలించేవాడు. క్యాలెండరు కాగితం వెనక వాడో వరస రాసుకున్నాడు, నేనో వరస రాసుకున్నాను. పదహారుసార్లు. రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూస్తే నావి ఏడు సరిపోయాయి. గుడ్డిగా చెప్పినా ఎనిమిది రావాలి. ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. తర్వాత ఆ రైల్వే ఆయన ఇంటికి వెళ్ళి, నా వైరు కూడా అమ్మేసి ఆయన డబ్బు నాలుగు విడతల్లో తిరిగిచ్చాను.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు శబ్దశాస్త్రజ్ఞులు అవే స్పీకర్లను ఒకసారి కనబడేట్టు, ఒకసారి తెర చాటున ఉంచి జనానికి వినిపించి మార్కులు వేయించారు. కళ్ళకు కనబడినప్పుడు పడిన మార్కులు వేరు, తెర వేశాక పడినవి వేరు. స్పీకర్ల మధ్య నిజమైన తేడాలున్నా సరే, చూపు చెవిని పక్కకు లాగేసింది. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు హై రిజల్యూషన్ ఆడియోను నేరుగా ఒకసారి, మామూలు సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపించి గుర్తుపట్టమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సరైనవి, అంటే సగానికి సగం. అదే ఏడాది అమెరికాలో, మోసాలు బయటపెట్టే మెజీషియన్ జేమ్స్ రాండీ, 7,250 డాలర్ల స్పీకరు వైరును మామూలు మంచి వైరు నుంచి కళ్ళు మూసుకుని గుర్తుపడితే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఆ పరీక్ష చివరికి జరగనే లేదు, వైరు తయారుచేసినవాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

డెమో వైరు ఇంకో పది రోజులు మీ దగ్గరే ఉంటుందన్నారు కదా. అల్లుడుగారిని పిలవండి. నేను చెప్పిన దుప్పటి పరీక్షే చేయండి. మార్చేటప్పుడు ప్రతిసారీ ఆంప్లి ఆపాలి. వైరు మార్చకపోయినా మార్చినంతసేపూ ఆయన వెనకే ఉండాలి, మాట్లాడకూడదు. ఒకే రికార్డులో ఒకే అర నిమిషం వినండి. వాల్యూమ్ నాబ్ మీద టేపు అంటించేయండి, ఎవరూ ముట్టుకోకూడదు. ఇది చాలా ముఖ్యం. శబ్దం అర డెసిబెల్ పెరిగినా మనకు పెరిగినట్టు తోచదు, బాగున్నట్టు తోస్తుంది. షాపతను డెమో ఇచ్చినప్పుడు రెండో వైరు వేసి నాబ్ ముట్టుకున్నాడేమో గుర్తు తెచ్చుకోండి. పదహారులో పన్నెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ సరిపోతే గుడ్డిగా తగిలే అవకాశం నూటికి నాలుగు లోపే. అప్పుడు నేను నా మాట వెనక్కి తీసుకుంటాను. పదిసార్లతో ఆపేయకండి, పదిలో ఎనిమిది నూటికి అయిదుసార్లు ఊరికే తగులుతుంది.

ఇప్పుడు అసలు జబ్బుకి వద్దాం. అది మీ గది.

పదడుగులంటే మూడు మీటర్ల పైచిలుకు. మన వేడిలో శబ్దం సెకనుకు దాదాపు 348 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకునే మోత లెక్కకడితే 57 హెర్ట్జ్ దగ్గర ఒకటి, దానికి రెట్టింపు 114 దగ్గర ఇంకొకటి వస్తాయి. మామూలు గదిలో పొడవుకొకటి, వెడల్పుకొకటి, ఎత్తుకొకటి వేరువేరు చోట్ల పడి సర్దుకుంటాయి. మీ గది మూడు వైపులా పదే కాబట్టి మూడు మోతలూ ఒకే చోట కలిసి పడుతున్నాయి. 114 అంటే మగగొంతు మంద్రంలో ఉండే చోటు. అందుకే మృదంగంలో బేస్ పలికే ఎడమ ముఖం బొయ్యిమంటోంది, పద్యం మాటలు ఆ మోతలో మునిగిపోతున్నాయి. ఈ మోత గోడ దగ్గరా మూలల్లోనూ అన్నిటికంటే ఎక్కువ. మీ బాక్సులు గోడ గూళ్ళలో ఉన్నాయి, మీ తల వెనక గోడకు ఆని ఉంది. పుట్టే చోటా వినే చోటా రెండూ మోత మధ్యలోనే.

కాబట్టి ఖర్చు లేని పని ముందు చేయండి. బాక్సులను గూళ్ళలోంచి తీసి స్టూళ్ళ మీద పెట్టండి, గోడకు అడుగున్నర, రెండడుగుల ముందుకు. పైన ఉండే చిన్న స్పీకరు, అంటే ట్వీటరు, మీ చెవి ఎత్తుకు రావాలి. కుర్చీని వెనక గోడ నుంచి రెండున్నర, మూడడుగులు ముందుకు లాగండి. సరిగ్గా గది నడుమ మాత్రం వద్దు, అక్కడ బేస్ కొంత మాయమవుతుంది. ఆ తర్వాత అదే రికార్డు పెట్టి, కుర్చీని అరడుగు చొప్పున జరుపుతూ వినండి. ఈ తేడాకు దుప్పటి పరీక్ష అక్కర్లేదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుని విన్నా తెలుస్తుంది.

తర్వాత గది మధ్యలో నిలబడి గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి. ఝణ్ మని సాగుతుంది కదా? నున్నటి గోడలు, టైల్స్, శ్లాబు. అలాంటి గది ఖాళీగా ఉంటే శబ్దం అణగడానికి లెక్క ప్రకారం రెండు సెకన్ల పైనే పడుతుంది. ఒక అక్షరం అణగకముందే నాలుగు అక్షరాలు వచ్చి మీద పడతాయి. 1895లో హార్వర్డ్ యూనివర్సిటీలో ఒక లెక్చర్ హాలుకు ఇదే బాధ వచ్చింది, మాట అయిదు సెకన్ల పైన మోగేది. వాలెస్ సబీన్ అనే కుర్ర లెక్చరరు రాత్రుళ్ళు పక్క థియేటరులోంచి సీట్ల మెత్తలు మోసుకొచ్చి, ఎన్ని పరిస్తే మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. హాళ్ళ శబ్దశాస్త్రం మొత్తం ఆ మెత్తల మీదే మొదలైంది. మీకు మెత్తలు మోసుకురావలసిన పని లేదు, ఇంట్లో బొంతలు ఉండే ఉంటాయి. మందపాటి దూది బొంతలు రెండు, పక్క గోడకు ఒకటి, వెనక గోడకు ఒకటి, గోడకు నాలుగు వేళ్ళ ఎడంగా వేలాడదీయండి. కింద జంపఖానా పరవండి. పుస్తకాల బీరువా ఉంటే వెనక గోడ దగ్గరకు జరపండి. చుట్టిపెట్టిన పరుపును మూల నిలబెడితే బేస్ మోత కొంత తగ్గుతుంది. బొంత మాత్రం బేస్‌ను ఆపలేదు, అది మాట స్పష్టతకే. చప్పట్లు మళ్ళీ కొట్టి చూడండి.

చెవి మాట కూడా కాస్త చెప్పాలి. అరవై దాటాక సాధారణంగా పై స్వరాలు, పది పన్నెండు వేల హెర్ట్జ్ పైన ఉన్నవి, మనకు తగ్గుతూ వస్తాయి. పాటలో మాట, స్వరం, మీటు ఉండేదంతా దానికి చాలా కిందనే, కాబట్టి మీ ఆనందానికి లోటు లేదు. ఒకసారి చెవి డాక్టరుకు చూపించుకోండి. గులిమి ఉండి తీయించుకుంటే వచ్చే స్పష్టత ఏ వైరూ ఇవ్వలేదు. చెవి పండటమంటారా, మీ ఊళ్ళోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిగారు కొండల్లో ఉండే సవర గిరిజనుల మధ్య కూర్చుని, విని విని, వాళ్ళ భాషకు నిఘంటువు, వ్యాకరణం రాశారు. ఆ కొండల్లో పట్టిన మలేరియాకు వాడిన క్వినైను వల్లనే ఆయనకు చెవుడు వచ్చింది. మీరు ఎన్నాళ్ళ నుంచో వీణంటే ఇష్టపడుతున్నారు. మీకంటే ఆ షాపతని చెవి ఎందులో పండింది?

అడ్వాన్స్ సంగతి. రసీదు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఇప్పుడైనా అడిగి తీసుకోండి, బిల్లు ఇవ్వననడం వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. వైరు తిరిగి ఇచ్చేటప్పుడు తగువు పెట్టుకోవద్దు. "ఇది గొంతును స్పష్టం చేస్తుందని బిల్లు మీద రాసివ్వండి, తేడా లేకపోతే నెలలోపు డబ్బు వాపసు అని కూడా రాయండి" అని మర్యాదగా అడగండి. రాయనంటే ఆ 2 వేలు తిరిగిమ్మనండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, మన భాషల్లోనే మాట్లాడొచ్చు.

ఇక ఆ జుమ్మనే మోత. డిష్ గానీ కేబుల్ గానీ గోడలోంచి వచ్చే గుండ్రటి వైరును సెట్‌టాప్ బాక్సు వెనక నుంచి విప్పి చూడండి. మోత ఆగిందంటే అది గ్రౌండ్ లూప్, ఆంప్లికీ ఆ కేబుల్‌కీ ఎర్త్ రెండు చోట్ల కలిసి వస్తున్న 50 హెర్ట్జ్ మోత. రెండు పరికరాలనూ ఒకే బోర్డులో పెట్టండి. అప్పటికీ ఉంటే సెట్‌టాప్ బాక్సు నుంచి ఆంప్లికి వెళ్ళే ఆడియో వైరు మధ్యలో ఐసొలేటర్ అనే చిన్న ముక్క వేయమనండి. మూడో పిన్ను మాత్రం ఎప్పుడూ విరిచేయకండి, ఎవరు చెప్పినా సరే. దానివల్ల మోత ఆగుతుంది, షాక్ కొడితే మనిషి పోతాడు. ఆ గుండ్రటి వైరు విప్పినా మోత ఉంటే ఫ్యాన్ రెగ్యులేటరు తిప్పి చూడండి, చాలా ఇళ్ళలో దొంగ అదే.

బాక్సులు గూళ్ళలోంచి తీసి, కుర్చీ జరిపి, ఒక వారం విన్నాక నాకు మళ్ళీ రాయండి. దుప్పటి పరీక్ష చేస్తే ఆ రెండు వరసల కాగితం ఫోటో తీసి పంపండి, ఎన్ని సరిపోయినా సరే.